గచ్చు బరువు మట్టి మోయాలా, పునాది గోడ మోయాలా?

తెనాలి దగ్గరి ఒక పల్లెలో రిటైరైన మాస్టారొకాయన ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశమై మూడేళ్లు నిండకముందే హాల్లో టైల్స్ పగిలాయి. పగుళ్లు ఎక్కడపడితే అక్కడ రాలేదు. గోడకు జానెడు దూరంలో, గోడ వెంబడే సాగుతూ, చీరకు అంచు కుట్టినట్టు గది చుట్టూ తిరిగాయి. వాళ్ల మనవరాలి గోళీ ఒకటి తీసుకుని గుమ్మం పక్కన పెట్టాను. అది మెల్లగా దొర్లుకుంటూ గది నడిమికి పోయి ఆగింది. "టైల్స్ వేసినవాడు మా కొంప ముంచాడు బాబూ" అని మాస్టారి భార్య బాధపడ్డారు. నాలుగు టైల్స్ లేపించి చూస్తే, పాపం, టైల్స్ వేసినతని తప్పేమీ లేదు.

కింద 15 అంగుళాల రాతి గోడ. దాని మీద 9 అంగుళాల ఇటుక గోడ. బయటివైపు రెండూ ఒకే వరుసలో ఉన్నాయి కాబట్టి లోపలివైపు 6 అంగుళాల మెట్టు మిగిలింది. గచ్చుకు పీసీసీ (ఊచలు లేని మామూలు కాంక్రీటు) పోసినవాళ్లు ఆ మెట్టు మీదికి కూడా పరిచేశారు. అంటే గచ్చు అంచులు రాతి మీద, నడుము మట్టి మీద. రెండు వానాకాలాలకు మట్టి కుంగింది. రాయి కుంగలేదు. ఒక్క ఊచ కూడా లేని 3 అంగుళాల పీసీసీ సరిగ్గా మెట్టు అంచు దగ్గర విరిగింది. పగులు పక్కన గచ్చు కిందికి చెయ్యి పెడితే రెండు వేళ్లు దూరాయి.

ఇరవై ఏళ్లుగా సొంతిళ్ల పనులు చూస్తున్నాను. గచ్చు చెడిన ఇళ్లలో ఎక్కువసార్లు కనపడింది ఈ కథే. సిమెంట్ బాగానే వేసి ఉంటారు, కంకర మంచిదే అయి ఉంటుంది. గచ్చు బరువు మట్టి మోయాలా, గోడ మోయాలా అన్నది మాత్రం ఎవరూ అడిగి ఉండరు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు ముందే తేలితే గచ్చును గోడకు కలపాలా, విడదీయాలా, ఊచలు పెట్టాలా వద్దా అన్నవన్నీ వాటంతట అవే తేలిపోతాయి.

దారులు మూడు. గచ్చును గోడ నుంచి పూర్తిగా విడదీసి మట్టి మీదే ఉంచడం ఒకటి. గచ్చునే ఆర్సీసీ (ఊచలు వేసిన కాంక్రీటు) శ్లాబుగా చేసి గోడల మీద కూర్చోబెట్టడం రెండోది. ప్లింత్ బీములోంచి, అంటే పునాది గోడ తల మీద చుట్టూ పోసే కాంక్రీటు దూలంలోంచి, ఊచలు తీసి గచ్చుకు కట్టేయడం మూడోది. మాస్టారి ఇంట్లో జరిగింది ఈ మూడింట్లో ఏదీ కాదు, సగం మొదటిది, సగం రెండోది.

విడదీసిన గచ్చు

మన దగ్గర ఎక్కువ ఇళ్లకు ఇదే సరిపోతుంది. ఖర్చు తక్కువ, తప్పు జరిగినా ఇల్లు మొత్తానికి ప్రమాదం ఉండదు. పునాది గోడ తన దారిన తాను కుంగుతుంది, గచ్చు తన దారిన తాను. రెండింటికీ మధ్య అర అంగుళం సందు ఉంటే ఒకదాన్నొకటి లాగవు.

చేసే పద్ధతి తేలికే. గది చుట్టూ గోడకు 12 మి.మీ. థర్మాకోల్ షీటు నిలబెట్టి, పీసీసీని దానికి ఆనుకునేలా పోయాలి. తర్వాత షీటు పైభాగాన్ని అంగుళం లోతు గీకి తీసేసి, ఆ సందులో సాగే గుణమున్న సీలెంట్ నింపాలి. అక్కడ సిమెంట్ పాలు పోస్తే సందు పెట్టిన ఫలితం పోతుంది. టైల్స్ కూడా గోడ దాకా బిగించకుండా కొంచెం వెలితి ఉంచితే దాన్ని స్కర్టింగ్ (గోడ అడుగున అంటించే టైల్ పట్టీ) కప్పేస్తుంది. స్కర్టింగ్‌ను గోడకే అంటించాలి. దాని అడుగును నేలకు సిమెంట్‌తో పట్టించకూడదు.

లోపల మెట్టు ఉంటే? ముందు దాన్ని దాటేయాలి. గచ్చు అడుగు మెట్టుకు తగలకుండా, మెట్టు మీద కనీసం 3 అంగుళాల ఇసుక పరిచి పీసీసీ పోయడం ఒక మార్గం. పీసీసీని మెట్టు లోపలి అంచు దగ్గరే ఆపేసి, మెట్టు మీద విడిగా చిన్న పట్టీ పోయడం ఇంకోటి. నేను రెండోదే చేయిస్తాను, ఎందుకంటే ఇసుక పరిచారో లేదో తర్వాత ఎవరూ చూడలేరు.

ఈ దారిలో బలమంతా మట్టి నింపడంలోనే ఉంది. మొరం గానీ గ్రావెల్ గానీ 15 సెం.మీ. పొర చొప్పున వేసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టి, ఆ తర్వాతే పై పొర వేయాలి. ట్రాక్టర్‌తో ఒకేసారి మూడడుగులు పోసి, పైన పైపు పెట్టి రాత్రంతా నీళ్లు వదిలితే మట్టి సర్దుకుంటుందని చాలామంది నమ్మకం. పై అడుగు సర్దుకుంటుంది, కింద డొల్ల అలాగే ఉండిపోతుంది. పరీక్ష మీరే చేసుకోవచ్చు. 12 మి.మీ. ఊచ ఒకటి తీసుకుని, రెండు చేతులతో మట్టిలోకి గుచ్చండి. అడుగు లోతుకు సులువుగా దిగిపోతే ఆ మట్టి మీద గచ్చు పోయకండి. పాతకాలం మేస్త్రీలు "ఒక వానాకాలం పోనివ్వండి బాబుగారూ" అనేవారు. బ్యాంకు లోను వాయిదాలు నడుస్తుంటే అంత ఓపిక పట్టడం కష్టమే. అయినా ముందే మట్టి నింపి, గోడలూ పైకప్పూ అయ్యాక చివర్న గచ్చు పోసుకుంటే ఆ నాలుగైదు నెలలూ మట్టికి కలిసొస్తాయి.

మట్టి మీద గుండ్రాళ్లో, పెద్ద కంకరో 6 అంగుళాలు పేర్చి, సందులు ఇసుకతో నింపి, 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు పరిచి, దాని మీద 4 అంగుళాల పీసీసీ వేస్తే మామూలు గదికి చాలు. గది 15 అడుగులు దాటితే నడిమిన కట్టరుతో మందంలో నాలుగో వంతు లోతు గాడి కోయించండి. పగులు రావాల్సి వస్తే ఆ గాడిలో వస్తుంది. టైల్స్ కీలు (రెండు టైల్స్ మధ్య సందు) కూడా ఆ గాడి మీదే పడేలా చూసుకోవాలి.

గోడ మీద కూర్చున్న శ్లాబు

మట్టిని నమ్మలేనప్పుడు ఈ దారి. చెరువు పూడ్చిన స్థలం, పాత బావి ఉన్న చోటు, చెత్త పోసి ఎత్తు చేసిన ప్లాటు, ఆరేడడుగులు నింపాల్సిన పల్లపు స్థలం లాంటి చోట్ల ఎంత దిమ్మిస కొట్టినా నాకు ధైర్యం రాదు. అప్పుడు మట్టిని లెక్కలోంచి పూర్తిగా తీసేసి, గచ్చును పైకప్పు లాగే డిజైన్ చేయించాలి.

12 అడుగులకు 14 అడుగుల గది తీసుకుందాం. 4 అంగుళాల పీసీసీకి ఒకటిన్నర ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. 5 అంగుళాల శ్లాబుకు రెండు ఘనపు మీటర్లకు కొంచెం తక్కువ. కాంక్రీటులో పెద్ద తేడా లేదు. తేడా అంతా ఇనుముది. రెండు వైపులా 8 మి.మీ. ఊచలు 8 అంగుళాల దూరంలో వేసినా ఆ గదికి దాదాపు 65 కిలోలు అవుతుంది. ఇది అంచనా కోసమే. ఏ ఊచ, ఎంత దూరం అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పాలి. సెంట్రింగ్ ఖర్చు మాత్రం ఉండదు. గోడ తల దాకా మట్టి నింపి, పాలిథిన్ పరిచి దాని మీదే పోసేయొచ్చు. తర్వాత కింద మట్టి కుంగితే కుంగనివ్వండి, శ్లాబుకు దాంతో పని లేదు.

గోడ వైపు చూసుకోవాల్సినవి రెండున్నాయి. రాతి గోడ తల ఎగుడుదిగుడుగా ఉంటుంది. దాని మీద నేరుగా శ్లాబు పోస్తే బరువంతా పొడుచుకొచ్చిన నాలుగైదు రాళ్ల మీద పడుతుంది. ముందు గోడ చుట్టూ కాంక్రీటు బ్యాండ్ (పట్టీ) పోసి మట్టం చేయాలి. ఇక శ్లాబును మెట్టు మీద 4 అంగుళాలు ఆనించి వదిలేయకుండా గోడ వెడల్పు మొత్తం దాటించి, ఇటుక గోడను శ్లాబు మీద నుంచే మొదలుపెడితే చాలా మేలు. అప్పుడు నాలుగు గోడలనూ కలిపే కట్టు ఆ శ్లాబే అవుతుంది.

చాలామంది మేస్త్రీలు ఇక్కడొక ప్రశ్న అడుగుతారు: "పైకప్పు శ్లాబు కింద గోడ మీద నున్నగా ప్లాస్టరింగ్ చేసి సున్నం పూస్తాం కదా సార్, ఇక్కడా పూయాలా?" అక్కర్లేదు. పైకప్పు ఎండకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, గోడ మీద జారడానికి దానికి వీలుండాలి. గచ్చు శ్లాబు మీద ఎండ పడదు. ఇక్కడ గోడను గట్టిగా పట్టుకోవడమే కావాలి, కాబట్టి గరుకుగానే వదిలేయండి.

ఒక ఇబ్బంది ఉంది. ఈ దారిలో మట్టి నింపడం, శ్లాబు పోయడం అయ్యాకే గోడలు లేవాలి. గోడలు లేపేసి, చివర్న గచ్చు సంగతి చూద్దాం అనుకునేవాళ్లకు ఇది కుదరదు. చేతిలో ఉన్న డబ్బుతో ముందు గోడలూ పైకప్పూ పూర్తిచేసి, గచ్చు ఏడాది తర్వాత వేసుకునే కుటుంబాలు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. వాళ్లకు మొదటి దారే సరైనది.

ఊచలతో కట్టడం ఎప్పుడు?

సందేహాలన్నీ దీని దగ్గరే వస్తాయి. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి ఇళ్ల వీడియోలు పంపిస్తారు. "నాన్నా, ఇక్కడ గోడలోంచి ఊచలు వంచి గచ్చులోకి పెడుతున్నారు, మనమూ పెట్టిద్దాం" అంటారు. వాళ్లు చూసింది నిజమే. అక్కడి గోడ వేరు. బోలు కాంక్రీటు బ్లాకుల రంధ్రాల్లో నిలువు ఊచలు దింపి, కాంక్రీటుతో నింపేస్తారు. ఊచ పట్టుకోవడానికి లోపల కాంక్రీటు ఉంటుంది. పైగా అక్కడ బేస్‌మెంట్ అంటే భూమి లోపలి గది. బయటి నుంచి ఆరేడడుగుల మట్టి గోడను లోపలికి నెడుతుంటే గోడ అడుగును కింది గచ్చు, తలను పై అంతస్తు పట్టుకుని నిలబెడతాయి. అందుకే పై అంతస్తు బిగించకముందు బయట మట్టి నింపనివ్వరు. మన దగ్గర బేస్‌మెంట్ అంటే నేల మీద లేపిన ఎత్తు. మట్టి లోపల ఉంటుంది, గోడను బయటికి నెడుతుంది.

ఎంత నెడుతుంది? మామూలు మొరం రెండడుగుల ఎత్తుంటే, మీటరు పొడవు గోడ మీద సుమారు 110 కిలోల బరువంత తోపు ఉంటుంది. నాలుగడుగులైతే 220 కాదు, 440 కిలోలు. ఎత్తు రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. ఆ మట్టిలో నీళ్లు నిండా నిలిస్తే తోపు మళ్లీ రెట్టింపు దాటుతుంది. సర్దుకుంటుందని పైపు పెట్టి రాత్రంతా నీళ్లు వదిలినప్పుడు తెల్లారేసరికి బేస్‌మెంట్ గోడ బయటికి ఒరిగిపోవడం ఇందువల్లే. 9 అంగుళాల ఇటుక గోడతో నాలుగడుగులు లేపి లోపల నీళ్లు నిలబెట్టడం చూస్తే నాకు ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

వరద వచ్చే లంక గ్రామాల్లో, రోడ్డు కంటే పల్లంలో ఉన్న ప్లాట్లలో నాలుగైదడుగులు లేపక తప్పదు. అలాంటి చోట గచ్చును ప్లింత్ బీముకు ఊచలతో కడితే ఎదురెదురు గోడలను గచ్చు లాగి పట్టుకుంటుంది. గోడ తల బయటికి ఒరగదు. ఊచలతో కట్టడానికి నేను ఒప్పుకునే అసలు కారణం ఇదే. కానీ గచ్చు పోసి గట్టిపడేదాకా గోడ ఒంటరిదే. మట్టి నింపేటప్పుడు దాన్ని కాపాడేది గోడ మందం, పొరలుగా నింపడం, నీళ్లు నిలవనివ్వకపోవడం, ఇవే. ఊచలు పెడుతున్నామన్న ధీమాతో గోడ మందం తగ్గించకూడదు.

ఊచ ఎక్కడ పట్టుకుంటుందన్నది ముఖ్యం. ఒకచోట రాతి గోడ సందుల్లో ఊచలు దూర్చి, చుట్టూ సిమెంట్ ముద్ద పెట్టడం చూశాను. ఆ ఊచల్లో ఒకదాన్ని చేత్తో ఊపితే ముద్దతో సహా ఊడొచ్చింది. ఊచ కాంక్రీటులోంచి రావాలి, అంటే ప్లింత్ బీములోంచో, బ్యాండులోంచో. బీము పోసేటప్పుడే 8 మి.మీ. ఊచలు అడుగున్నర దూరానికొకటి చొప్పున, ఒక అడుగు బీములో, రెండడుగులు గచ్చులో ఉండేలా ఎల్ ఆకారంలో వంచి పెట్టాలి. మన 12 బై 14 గది చుట్టుకొలత 52 అడుగులు, కాబట్టి సుమారు 35 ముక్కలు, బరువు పన్నెండున్నర కిలోలు. ఇది పెద్ద ఖర్చేమీ కాదు. అయితే దీంతో పాటు గచ్చు మొత్తానికి మెష్ (ఊచల వల) కూడా వేయాలి. అది లేకుండా అంచున ఊచలు మాత్రమే పెట్టడం కంటే ఏమీ పెట్టకపోవడమే నయం. ఎందుకంటే కాంక్రీటు ఆరేకొద్దీ ముడుచుకుంటుంది. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెప్పే లెక్క ప్రకారం ఆ ముడుచుకోవడం పొడవులో 0.0003 వంతు. 14 అడుగులకు అది 1.3 మి.మీ. దాకా వస్తుంది. విడిగా ఉన్న గచ్చయితే నాలుగు వైపులా కొంచెం కొంచెం లోపలికి జరుగుతుంది. నాలుగు గోడలకూ కట్టేసిన గచ్చు ఎటూ జరగలేదు, నడిమిన చిట్లుతుంది. మెష్ ఉంటే ఆ ఒక్క పెద్ద పగులు కంటికి కనపడని సన్నని గీతలుగా విడిపోతుంది.

ఇంకో షరతు ఉంది. కట్టిన గచ్చు కింద మట్టి కుంగితే మళ్లీ మాస్టారి హాలే. అంచులు గోడ పట్టుకుంటుంది, నడుము వేలాడుతుంది. అందుకే ఊచలతో కడితే, మట్టి లేకపోయినా నిలబడగల శ్లాబు అయినా అయి ఉండాలి, మట్టి కుంగదన్న పూర్తి నమ్మకమైనా ఉండాలి. లోతు ఎక్కువ నింపిన చోట ఆ నమ్మకం నాకుండదు. నాలుగడుగులు దాటితే రెండో దారి, మూడో దారి కలిపి శ్లాబునే గోడ మీదుగా పోసి, బీముతో ఏకం చేయమంటాను.

భూకంపం సంగతి అడిగేవాళ్లూ ఉన్నారు. 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించాక ఈ ప్రశ్న పెరిగింది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతంలోనూ 5.7 తీవ్రతతో వచ్చింది. 2016 నాటి భూకంప ప్రమాణం ఐఎస్ 1893 పటంలో విజయవాడ, నెల్లూరు ముప్పు కొంత ఎక్కువున్న మూడో జోన్‌లో, హైదరాబాద్, విశాఖపట్నం ముప్పు తక్కువున్న రెండో జోన్‌లో ఉన్నాయి. తాపీ గోడల ఇంటికి భూకంపంలో ప్లింత్ దగ్గర రక్షణ ఇచ్చేది చుట్టూ తెగకుండా తిరిగిన ప్లింత్ బ్యాండు. మూలల్లో ఊచలు వంగి పక్క గోడలోకి పోవాలి. నేల మెత్తగానో, ఒకచోట ఒకలాగానో ఉన్నప్పుడు ఈ బ్యాండు వేయమని ఐఎస్ 4326 చెబుతుంది. బ్యాండు లేకుండా గచ్చుకు ఊచలు కట్టి భూకంపానికి సిద్ధమయ్యామనుకోవద్దు.

నల్లరేగడి అయితే లెక్క మారుతుంది

ఇప్పటిదాకా మట్టి కుంగడం గురించే చెప్పాను. నల్లరేగడి కుంగడమే కాదు, పైకి కూడా లేస్తుంది. ఎండాకాలం పొలంలో కాలు దూరేంత నెర్రెలు, వానాకాలం ఉబ్బు. కర్నూలు, ఆదిలాబాద్ వైపే కాదు, గుంటూరు, కృష్ణా జిల్లాల్లోనూ ఈ నేలలున్నాయి. ఇక్కడ గచ్చును ఊచలతో గోడకు కట్టేస్తే కింది మట్టి ఉబ్బినప్పుడు గచ్చు గోడను కూడా పైకి లాగుతుంది. తలుపులు బిగుసుకుపోతాయి, కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు వస్తాయి.

రెండు పద్ధతులు పనిచేస్తాయి. గచ్చు కింద నల్లమట్టిని వీలైనంత లోతు, మీటరు దాకా తీసేసి, ఉబ్బని మొరంతో నింపి, విడదీసిన గచ్చు వేసుకోవడం మొదటిది. ఒకే అంతస్తు ఇంటికి నా ఓటు దీనికే. గచ్చు శ్లాబును బీముల మీద మోయించి, కింద నేలకు తగలకుండా ఖాళీ ఉంచడం రెండోది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్‌ఐ) తెచ్చిన అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) పునాది వేస్తే ఇదే పద్ధతి. ఆ పైల్స్ మీది బీముల అడుగుకూ నేలకూ మధ్య కనీసం 80 మి.మీ. ఖాళీ ఉండాలి. శ్లాబు అడుగున కూడా ఖాళీ ఉండాలి, లేకపోతే ఉబ్బిన మట్టి దాన్ని కింద నుంచి ఎత్తుతుంది. ఆ ఖాళీని "వృథాగా ఎందుకు సార్" అని మట్టితో నింపేసిన పనివాళ్లను చూశాను. ఆ పూట ఇంటివాళ్లెవరైనా అక్కడ ఉండాలి.

ఎర్రనేల, గరపనేల ఉన్నవాళ్లకు ఈ బెడద లేదు. నేల మీద రాయి తేలి ఉన్న హైదరాబాద్ శివార్లలో అయితే ప్లాటులో ఒక పక్క రాయి, ఇంకో పక్క నింపిన మట్టి ఉండటమే సమస్య. అలాంటి గదిలో ఆ రెండూ కలిసే చోట గచ్చుకు కీలు, అంటే విడదీసే సందు, పెట్టించండి.

చెమ్మ, చెద

విడదీసిన గచ్చు మీద ఒక నింద ఉంది. ఆ సందులోంచి చెమ్మ, చెద వస్తాయని. నింద సగం నిజం. చెదలు పైకొచ్చే ముఖ్యమైన దారుల్లో గోడ, నేల కలిసే చోటు ఒకటి. మూడు దారుల్లో దేన్ని ఎంచుకున్నా అక్కడ మందు పడాల్సిందే. పీసీసీ వేయకముందు గోడ వెంబడి 30 మి.మీ. వెడల్పు, అంతే లోతు గాడి తీసి, 150 మి.మీ. దూరానికొక రంధ్రం ఊచతో గుచ్చి, గోడ ముఖం చదరపు మీటరుకు ఏడున్నర లీటర్ల చొప్పున మందు కలిపిన నీళ్లు పోయాలి. ఐఎస్ 6313 చెప్పే లెక్క ఇది. పైపైన స్ప్రే కొట్టి బిల్లు తీసుకుంటే ఒప్పుకోకండి.

చెమ్మకు మందు పాలిథిన్ షీటు అంచులోనే ఉంది. షీటును గోడ దగ్గర కోసేయకుండా, థర్మాకోల్ వెనక నుంచి పైకి మడిచి, ప్లింత్ బీము మట్టం దాకా తేవాలి. బీములో వాటర్‌ప్రూఫ్ కాంపౌండ్ వేసి ఉంటే కింది గోడ చెమ్మ అక్కడ ఆగుతుంది, గచ్చు చెమ్మ షీటు దగ్గర ఆగుతుంది. రెండూ కలిసే చోట మాత్రం ఖాళీ ఉండకూడదు.

ఒకే ఇంట్లో రెండు పద్ధతులు

ఇల్లంతటికీ ఒకే దారి ఉండాలని ఎక్కడా లేదు. హాలు, పడకగదులు, పూజగది విడదీసిన గచ్చుతో హాయిగా ఉంటాయి. బాత్రూమ్‌కు మాత్రం నేనెప్పుడూ గోడ మీద కూర్చున్న శ్లాబే వేయిస్తాను. అక్కడ 4 అంగుళాల పైపు గచ్చును దాటి కిందికి పోతుంది. గచ్చు కొంచెం కుంగినా పైపు కీలు ఊడుతుంది, నీళ్లు మట్టిలోకి పోతాయి, మట్టి ఇంకా కుంగుతుంది, బయటికి కనపడేసరికి పక్క గది కూడా దిగిపోతుంది. చిన్న గది కాబట్టి శ్లాబుకు అయ్యే ఇనుమూ తక్కువే. కారు నిలిపే చోట విడదీసిన గచ్చే, కానీ 6 అంగుళాల మందం, మెష్ తప్పనిసరి.

రెండు గదుల మధ్య గుమ్మం దగ్గర జాగ్రత్త. అక్కడ గోడ ఉండదు, గచ్చు బీము మీదుగా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతుంది. అన్ని చోట్లా సందు పెట్టి, గుమ్మం దగ్గర మర్చిపోతే ఆ మూడడుగుల్లోనే పగులు వస్తుంది. తలుపు మూసినప్పుడు దాని కిందికి వచ్చేలా అక్కడ కీలు పెట్టి, పైన గ్రానైట్ పట్టీ వేస్తే అందంగానూ ఉంటుంది.

ఇప్పటికే కట్టేసిన ఇంటికి

పగులు చూసి వెంటనే ఊచలు దిగ్గొట్టించకండి. ప్లింత్ బీము ఉందో లేదో ముందు తెలియాలి. ఉంటే, 10 మి.మీ. ఊచకు 12 నుంచి 14 మి.మీ. రంధ్రం, కనీసం 5 అంగుళాల లోతు డ్రిల్ చేసి, దుమ్మంతా ఊది, బ్రష్ పెట్టి, మళ్లీ ఊది, ఊచను కాంక్రీటుకు అంటించే కెమికల్ నింపి ఊచ తిప్పుతూ దించవచ్చు. దుమ్ము మిగిలితే కెమికల్ పట్టేది కాంక్రీటును కాదు, దుమ్మునే. బీము లేని రాతి గోడకు ఇది పనికిరాదు. అక్కడ గచ్చును విడదీయడమే మార్గం.

మాస్టారి ఇంట్లో అదే చేశాం. మెట్టు లోపలి అంచు వెంబడి గచ్చును కట్టరుతో గది చుట్టూ కోయించాం. కుంగిన నడిమి భాగం తీసేసి, రెండడుగుల లోతు మట్టి తోడి, మొరం పొరలు పొరలుగా వేసి కొట్టించాం. ఊచ గుచ్చి చూసే పని మాస్టారు తానే చేస్తానన్నారు. రోజూ పొద్దున్నే కాఫీ తాగి, పంచె ఎగ్గట్టి, నాలుగు మూలలా, నడిమినా ఐదు చోట్ల గుచ్చి, దిగిన లోతు సుద్దముక్కతో గోడ మీద రాసేవారు. మొదటి రోజు 11 అంగుళాలు, నాలుగో రోజుకు 2 అంగుళాలు. అప్పుడు పీసీసీకి సరేనన్నాం.

మీ ఇంట్లో ఏ దారి పట్టినా, కాంక్రీటు పోసే ముందు ప్రతి గదినీ నాలుగు మూలల నుంచీ ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి. గోడ మీద గది పేరు సుద్దతో రాసి, టేపు పక్కన పెట్టి తీస్తే ఇంకా మంచిది. ఎక్కడ ఊచలున్నాయి, ఎక్కడ సందు ఉంది, పైపు ఎటు పోయింది అన్నది టైల్స్ వేశాక ఎవరికీ కనపడదు, ప్లంబరుకూ ఎలక్ట్రీషియన్‌కూ తర్వాత చూపించడానికి మీ దగ్గర ఆ ఫొటోలే ఉంటాయి.